వేసవి ఉద్యోగాల డబ్బు: పిల్లలు నిజంగా పని చేస్తున్నారో లేదో ఎవరు చూస్తున్నారు?

తెల్లకాగితం · శనివారం ఉదయం 10:05

అందరికీ నమస్కారం. అమెరికాలో పేద కుటుంబాల పిల్లలకు వేసవిలో ప్రభుత్వ డబ్బుతో ఉద్యోగాలు ఇప్పించే పథకాలు ఉన్నాయని ఇక్కడ చాలామందికి తెలిసే ఉంటుంది. న్యూయార్క్‌లో 1963 నుంచి నడుస్తోంది. చికాగో, బోస్టన్, వాషింగ్టన్, అన్నిచోట్లా ఏదో ఒక పేరుతో ఉంది. జీతం ప్రభుత్వానిది. పని చూపించేది మాత్రం చిన్న చిన్న సంస్థలు, ఆసుపత్రులు, డేకేర్లు, పార్కులు, దుకాణాలు.

నేను ఒక కమ్యూనిటీ సెంటర్ కమిటీలో ఉన్నాను (ఊరి పేరు చెప్పను). పోయిన వేసవిలో మా దగ్గరికి కొందరు పిల్లలు వచ్చారు. మధ్యలో తనిఖీకి ఒకాయన వచ్చాడు, అదీ ముందే ఈమెయిల్ పెట్టి. హాజరు పట్టీ చూశాడు, గోడకి కార్మిక చట్టం పోస్టర్ ఉందా అని చూశాడు, సంతకం పెట్టించుకుని వెళ్లిపోయాడు. పిల్లలు పక్క గదిలోనే ఉన్నారు. వాళ్లతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

మా కౌన్సిల్ వాళ్లు ఈ పథకం మీద ప్రజల అభిప్రాయాలు అడుగుతున్నారు. ఏదో ఒకటి రాసి పంపాలని ఉంది. ఇలాంటి వాటి మీద నిఘా అసలు ఎలా ఉండాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

డాలస్ నాన్న · శనివారం ఉదయం 10:40

అక్కా, ఇందులో తెలుసుకోవడానికి ఏముంది? ఎవరి డబ్బో, ఎవరి పిల్లలో, ఎవరి ఆఫీసో. ముగ్గురిలో ఎవరి జేబూ కాలట్లేదు కాబట్టి ఎవరూ అడగరు. పిల్లలకి ఉద్యోగం ఇవ్వాలంటే కంపెనీలకి పన్ను తగ్గించండి, వాళ్లే చూసుకుంటారు. పని లేని చోట కూర్చోబెట్టి గంటలకి జీతం ఇస్తే వాడు నేర్చుకునేది ఒకటే, కూర్చుంటే జీతం వస్తుందని.

పాత ఆడిటర్ · శనివారం మధ్యాహ్నం 12:15

డాలస్ నాన్న గారూ, మీ కోపం కొత్తదేమీ కాదు. 1979 ఫిబ్రవరిలోనే అమెరికా జీఏఓ దాదాపు ఇదే మాట రాసింది. జీఏఓ అంటే మన కాగ్ లాంటి సంస్థ, అక్కడి కాంగ్రెస్‌కు జవాబుదారీ. ఉద్యోగంలో ఉండగా శిక్షణ కోసం ఆ నివేదిక చదివించారు, అందుకే గుర్తుంది. నగరాల్లో వాళ్లు చూసిన పనిచోట్లలో చాలావాటిలో పిల్లలకు చేయడానికి సరైన పని లేదు. పని చేయని గంటలకూ జీతం వెళ్లింది. పర్యవేక్షకులకు ఏం చేయాలో ముందుగా ఎవరూ చెప్పలేదు. కార్మిక శాఖ నిఘా బలహీనంగా ఉంది.

ఎందుకు అలా అయిందో చూడండి. 1973 నాటి సెటా చట్టం (ఉపాధి, శిక్షణల చట్టం) కింద కేంద్రం డబ్బు నగరాలకు, కౌంటీలకు వెళ్లేది. వాళ్లు దాన్ని స్థానిక సంస్థలకు ఇచ్చేవారు, ఆ సంస్థలు పిల్లల్ని పనిచోట్లకు పంపేవి. వాషింగ్టన్‌లో కూర్చున్న అధికారికి కనిపించేది నగరం పంపిన లెక్క. నగరానికి కనిపించేది సంస్థ పంపిన లెక్క. పిల్లవాడు పొద్దున 9 గంటలకు ఎక్కడ ఉన్నాడో ఈ లెక్కల్లో ఎక్కడా ఉండదు.

ఇంకో సంగతి కూడా ఉంది. 1964లో న్యూయార్క్‌లోని హార్లెం, 1965లో లాస్ ఏంజెలెస్‌లోని వాట్స్, 1967లో న్యూవార్క్, డెట్రాయిట్. వరుసగా వేసవుల్లోనే అల్లర్లు జరిగాయి. పిల్లలు వీధుల్లో లేకుండా ఉంటే చాలని అప్పటి నాయకుల ఆలోచన. విమర్శకులు దీన్ని అగ్నిప్రమాద బీమా అని ఎద్దేవా చేసేవారు. ఆ ఉద్దేశంతో ఖర్చు పెట్టినప్పుడు హాజరు పట్టీ చూస్తే తనిఖీ అయిపోయినట్టే. తెల్లకాగితం గారి దగ్గరికి వచ్చినాయన పాపం ఆ పాత కాలపు తనిఖీయే చేశాడు.

క్వీన్స్ కుర్రాడు · శనివారం మధ్యాహ్నం 1:30

నేను న్యూయార్క్ పథకంలో చేశాను, ఇప్పుడు కాలేజీ. తెలుగు టైపింగ్ స్లో, తప్పులుంటే సారీ.

తెలియనివాళ్ల కోసం: 14 నుంచి 24 ఏళ్ల వాళ్లు అప్లై చేయొచ్చు, చాలా సీట్లు లాటరీలో ఇస్తారు. 16 దాటినవాళ్లకి వారానికి 25 గంటలు, ఆరు వారాలు, కనీస వేతనం. 2025లో గంటకి 16.50 డాలర్లు. 14, 15 ఏళ్ల వాళ్లకి వేరే, ప్రాజెక్టులు చేయించి స్టైపెండ్ ఇస్తారు. 2022 నుంచి లక్ష సీట్లు చేశారు.

నేను ఒక వేసవి డేకేర్‌లో చేశాను, సూపర్. రెండోది ఒక ఆఫీస్. పేరు చెప్పను. అక్కడ మాకు పనే లేదు. కాగితాలు కవర్లలో పెట్టాం, తర్వాత వేరే కవర్లలో పెట్టాం. మేనేజర్ అంకుల్ మంచోడే, కానీ ఆయనకి మేం ఎందుకు వచ్చామో తెలీదు. టైమ్‌షీట్ మాత్రం ఫుల్. చివర్లో సర్వే వచ్చింది, అన్నీ బాగున్నాయి అని నొక్కేశాను. ఎందుకంటే ఆ అంకులే కాలేజీకి రికమెండేషన్ లెటర్ ఇస్తానన్నాడు.

తెల్లకాగితం · శనివారం మధ్యాహ్నం 2:10

బాబూ, నీ చివరి వాక్యం నేను కౌన్సిల్‌కి రాసే దాంట్లో పెట్టుకోవచ్చా? పేరు ఉండదు.

క్వీన్స్ కుర్రాడు · శనివారం మధ్యాహ్నం 2:14

పెట్టుకోండి ఆంటీ. లెటర్ ఆల్రెడీ వచ్చేసింది 😀

చికాగో టీచరమ్మ · శనివారం సాయంత్రం 5:50

ఇక్కడ ఒక విషయం కలిసిపోతోంది, కాస్త విడదీయాలి. పథకం పనిచేస్తోందా అనేది ఒక ప్రశ్న. డబ్బు సరిగ్గా ఖర్చయిందా అనేది ఇంకో ప్రశ్న. రెంటికీ వేర్వేరుగా సమాధానాలు ఉన్నాయి.

మా చికాగోలో 2012 వేసవిలో హింస ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లోని 13 హైస్కూళ్ల నుంచి 1,634 మందిని తీసుకుని లాటరీ వేశారు. కొందరికి ఎనిమిది వారాల ఉద్యోగం దొరికింది, కొందరికి దొరకలేదు. తర్వాత 16 నెలలు పోలీసు రికార్డులు చూస్తే, ఉద్యోగం దొరికినవాళ్లలో హింసాత్మక నేరాలకు అరెస్టులు 43 శాతం తక్కువ. 2014లో సైన్స్ పత్రికలో వచ్చింది. నేను పాఠం చెప్పిన పిల్లలు ఇలాంటి వీధుల నుంచే వస్తారు, అందుకే ఆ అంకె నాకు కేవలం అంకె కాదు.

న్యూయార్క్‌లో 2005 నుంచి 2008 వరకు జరిగిన లాటరీలను తీసుకుని ఆర్థికవేత్తలు చూశారు. దాదాపు మూడు లక్షల దరఖాస్తులు. జైలుకు వెళ్లేవాళ్లు తగ్గారు, చనిపోయేవాళ్లు కూడా తగ్గారు. కానీ తర్వాతి మూడేళ్ల సంపాదన పెరగకపోగా కాస్త తగ్గింది. కాలేజీలో చేరికలో తేడా లేదు.

ఇప్పుడు చెప్పండి. "ఈ పథకం వల్ల ఎంతమందికి తర్వాత మంచి ఉద్యోగాలు వచ్చాయి" అన్న ఒక్క ప్రశ్నతో ఆడిట్ చేస్తే దీన్ని మూసేయమని నివేదిక వస్తుంది. ఒక పిల్లవాడు బతికి ఉన్నాడన్నది ఏ గడిలోనూ పడదు.

డాలస్ నాన్న · శనివారం సాయంత్రం 6:20

టీచరమ్మా, మీరు చెప్పినది నిజమైతే కవర్లు మార్చి మార్చి పెట్టినా లాభమే అన్నమాట. వీధిలో లేడు కదా! అంటే పాత ఆడిటర్ గారు చెప్పిన బీమా వాదనకే తిరిగి వచ్చాం. మరి పనిచోటు బాగుందా లేదా అని తనిఖీ చేయడం ఎందుకు?

చికాగో టీచరమ్మ · శనివారం రాత్రి 9:05

మంచి ప్రశ్నే. కానీ చికాగోలో అరెస్టుల తేడా ఆ ఎనిమిది వారాల్లో కనిపించలేదు, ఎక్కువగా వేసవి అయిపోయాకే కనిపించింది. వీధిలో లేకపోవడమే కారణమైతే వేసవిలోనే తగ్గాలి కదా. పైగా అక్కడ పిల్లలతో పాటు ఒక పెద్ద మనిషిని పెట్టారు, దాదాపు పదిమందికి ఒకరు. ఉద్యోగం ఎలా నిలబెట్టుకోవాలో, పై అధికారితో గొడవ వస్తే ఏం చేయాలో చెప్పడం వాళ్ల పని. సగంమందికి పని గంటలు తగ్గించి, ఆ సమయంలో కోపం, ఆవేశం అదుపులో పెట్టుకోవడం మీద తరగతులు పెట్టారు. రెండు గుంపుల ఫలితాలూ దగ్గరదగ్గరగానే వచ్చాయి.

అంటే గంటల లెక్క కంటే, పిల్లవాణ్ని పట్టించుకునే ఒక మనిషి అక్కడ ఉన్నాడా అన్నదే ముఖ్యమని నేను అనుకుంటున్నాను. ఇది నా ఊహ, అధ్యయనం అంత గట్టిగా చెప్పలేదు. క్వీన్స్ కుర్రాడి ఆఫీసులో హాజరు నూటికి నూరు, ఆ మనిషి మాత్రం లేడు.

వర్జీనియా వాసి · ఆదివారం ఉదయం 8:30

డబ్బు లెక్క చిన్న విషయం అనుకోకండి. పక్కనే వాషింగ్టన్ డీసీలో 2008 వేసవి గురించి ఇక్కడి పాతవాళ్లని అడగండి. మేయర్ ఫెంటీ హయాంలో పథకాన్ని ఒక్కసారిగా పెంచేశారు. జీతాల వ్యవస్థ తట్టుకోలేకపోయింది. పని చేసినవాళ్లలో కొందరికి డబ్బు రాలేదు, చేయనివాళ్లలో కొందరికి వచ్చింది. బడ్జెట్ ఎక్కడో దాటిపోయింది, ఉపాధి శాఖ అధిపతి దిగిపోవాల్సి వచ్చింది. ఆ పథకం మూలపడకుండా ఇంకా నడుస్తోందంటే కారణం జనానికి దాని మీద ఉన్న అభిమానమే. 1979లో మారియన్ బేరీ మేయర్‌గా మొదలుపెట్టాడు, 2015 నుంచి ఆయన పేరే పెట్టారు. "నా మొదటి ఉద్యోగం బేరీ ఇచ్చాడు" అనే మనుషులు ఆ ఊళ్లో ఇప్పటికీ కనిపిస్తారు.

ఇంత అభిమానం ఉన్న పథకాన్ని ఆడిట్ చేయడం కష్టం. ప్రశ్న అడిగినవాడు పేదపిల్లల శత్రువు అయిపోతాడు.

పాత ఆడిటర్ · ఆదివారం ఉదయం 9:45

సరిగ్గా చెప్పారు. దానికి తోడు ఇప్పుడు ఎవరు ఆడిట్ చేయాలన్నదే చిక్కు. 1982 చట్టంలో వేసవి ఉద్యోగాలకు కేంద్రం డబ్బు విడిగా ఉండేది. 1998 చట్టం దాన్ని ఏడాది పొడవునా నడిచే యువజన కార్యక్రమాల్లో కలిపేసింది. 2009 మాంద్యంలో ఒబామా ప్రభుత్వం యువజన కార్యక్రమాలకు 120 కోట్ల డాలర్లు ఇచ్చి, వేసవి ఉద్యోగాలకు వాడమంది. మూడు లక్షలకు పైగా పిల్లలకు పని దొరికింది. కానీ వేసవి వరకే చేరినవాళ్ల విషయంలో కేంద్రం అడిగిన కొలత ఒక్కటే, పనికి సిద్ధమయ్యారా లేదా. దాన్ని ఒక్కో ఊరు ఒక్కోలా కొలిచింది. ఒక ఊరి అంకెను ఇంకో ఊరి అంకెతో పోల్చడానికి లేదని జీఏఓ మళ్లీ రాసింది. ముప్పై ఏళ్ల తర్వాత కూడా!

ఇప్పుడు చాలా నగరాల్లో నగరం సొంత డబ్బు, రాష్ట్రం డబ్బు, కేంద్రం డబ్బు, దాతల డబ్బు కలిసి ఉంటాయి. ఎవరి డబ్బుకు వాళ్ల నిబంధనలు. చిన్న సంస్థ ఒకే పిల్లవాడికి నాలుగు రకాల ఫైళ్లు పెట్టాలి. అవన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూసేసరికి తనిఖీ అధికారి రోజు అయిపోతుంది.

సాయంత్రం టీ · ఆదివారం ఉదయం 11:10

కాస్త పక్కదారి ప్రశ్న. మా గుడివాళ్లు ఈ పిల్లల్ని పెట్టుకోవచ్చా అని అడుగుతున్నారు. వంటగది, పార్కింగ్, తోటపని ఉంటాయి.

పాత ఆడిటర్ · ఆదివారం ఉదయం 11:35

కేంద్రం డబ్బు అయితే జాగ్రత్త. 1998 చట్టం స్థానంలో వచ్చిన 2014 చట్టం ప్రకారం, కొన్ని మినహాయింపులు పోను, పూజలు జరిగే కట్టడాన్ని కట్టడానికి, నడపడానికి, మరమ్మతు చేయడానికి ఈ పథకం మనుషుల్ని వాడకూడదు. గుడి, చర్చి, మసీదు అన్నిటికీ అదే. అలాగే ఉన్న ఉద్యోగిని తీసేసి ఆ చోట వీళ్లని పెట్టకూడదు. నగరం సొంత డబ్బయితే నిబంధన వేరుగా ఉండొచ్చు, ఒప్పందం ఇచ్చే సంస్థనే రాతపూర్వకంగా అడగండి.

తోటపని అన్నారు కాబట్టి ఇంకొకటి. 14, 15 ఏళ్ల పిల్లల చేతికి మోటారు గడ్డికోత మిషన్ ఇవ్వకూడదు, అది ఎవరి డబ్బయినా సరే. తనిఖీకి వచ్చేవాళ్లు పోస్టర్ బదులు షెడ్డులోకి వెళ్లి ఇలాంటివి చూడాలి.

కదిరి మామ · ఆదివారం సాయంత్రం 4:20

ఆలస్యంగా చూశాను ఈ చర్చ. నేను ఉపాధి హామీ సామాజిక తనిఖీల్లో కొన్నేళ్లు పనిచేసినవాణ్ని. అమెరికా సంగతి నాకు తెలియదు గానీ మీరు చెప్పే రోగం మాత్రం బాగా తెలుసు. కాగితం మీద మస్టర్ (కూలీల హాజరు పట్టీ) సరిగ్గా ఉంటుంది, చెరువు దగ్గర మనిషి ఉండడు.

మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి ఏం చేశారంటే, మస్టర్లు, కొలతల పుస్తకాలు తీసుకుని ఊళ్లోకి వెళ్లి, ఇంటింటికీ తిరిగి అడిగేవాళ్లం. "ఈ వారం నువ్వు పనికి వెళ్లావా? ఏ పని? డబ్బు ఎవరి చేతికి వచ్చింది?" అంతే. చనిపోయిన మనిషి పేరు మీద మస్టర్ పడింది ఆఫీసులో ఎవరికీ తెలియదు, వాళ్లింటి అరుగు మీద కూర్చుంటే రెండు నిమిషాల్లో తెలుస్తుంది. తర్వాత గ్రామసభలో చదివి, మండలంలో ప్రజావేదిక పెట్టి, అధికారుల ముందే తేల్చేవాళ్లం. 2009లో దీనికోసం విడిగా సొసైటీ పెట్టారు, పని చేయించే శాఖే తన తప్పులు తానే చూసుకోకూడదని.

అసలు కిటుకు తనిఖీ చేసే మనుషుల్లో ఉంది. వాళ్లు కూలీల ఇళ్లలో చదువుకున్న పిల్లలే. వాళ్లకే శిక్షణ ఇచ్చి పంపేవాళ్లం. ఊళ్లో పని చేయించే ఫీల్డ్ అసిస్టెంట్ చెప్పే కథ వాళ్లకి వినగానే తెలిసిపోతుంది, ఇంట్లో అమ్మ ఆ పనికే వెళ్తుంది కాబట్టి.

మీ ఊళ్లో పోయిన ఏడాది పని చేసిన పిల్లల్నే ఈ ఏడాది జీతం ఇచ్చి తనిఖీకి ఎందుకు పంపకూడదు? ఇలాంటి ఆఫీసుకి క్వీన్స్ కుర్రాడు వెళ్తే కవర్ల సంగతి కనిపెట్టడూ?

డాలస్ నాన్న · ఆదివారం సాయంత్రం 5:00

మామగారూ, ఇది నాకు నచ్చింది. ప్రభుత్వ పథకం గురించి నేను ఈ మాట అంటున్నానని మా ఆవిడకి చెప్పకండి. కానీ ఒక అనుమానం. తనిఖీలో దొరికిన డబ్బు తిరిగి వచ్చిందా?

కదిరి మామ · ఆదివారం సాయంత్రం 5:25

చాలా తక్కువ. దొరకడం ఒక ఎత్తు, వసూలు ఇంకో ఎత్తు. వేదిక మీద అందరి ముందూ ఒప్పుకున్నవాడు ఆరు నెలలకి అదే సీట్లో కనిపించేవాడు. మాకు బెదిరింపులూ వచ్చేవి. కానీ ప్రశ్న అడిగితే తప్పు కాదని కూలీలకి తెలిసింది, అది మళ్లీ వెనక్కి పోలేదు.

వేమన వీధి · ఆదివారం సాయంత్రం 5:40

ఇంత తతంగం ఎందుకండీ, యాప్ పెట్టి ఫోటో తీయిస్తే అయిపోద్ది. అసలు మన దగ్గర స్కిల్ ట్రైనింగుల పేరుతో ఆ పార్టీవాళ్లు చేసిన

[మిగతా భాగం తొలగించాం. పార్టీల గొడవకు వేరే విభాగం ఉంది, అక్కడ కొట్టుకోండి. — నిర్వాహకుడు]

కదిరి మామ · ఆదివారం సాయంత్రం 6:05

యాప్ కథ కూడా చూశాం తమ్ముడూ. 2023 జనవరి నుంచి దేశమంతా ఉపాధి పనుల్లో రోజుకి రెండుసార్లు ఫోటో తప్పనిసరి చేశారు. 2025 జూలైలో ఢిల్లీ నుంచి గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకి ఉత్తరం రాసింది, పనికి సంబంధం లేని ఫోటోలు పెడుతున్నారు, ఫోటోకే మళ్లీ ఫోటో తీస్తున్నారు అని. ఎండలో నిలబడి సిగ్నల్ కోసం ఎదురుచూసి హాజరు పోగొట్టుకున్నది మాత్రం నిజంగా పని చేసిన ఆడవాళ్లు.

చికాగో టీచరమ్మ · ఆదివారం రాత్రి 8:15

కదిరి మామ గారి ఆలోచన బాగుంది, కానీ అలాగే తీసుకొస్తే ఇక్కడ నడవదు. వీళ్లలో చాలామంది మైనర్లు. పేర్లు, కుటుంబ ఆదాయం, చదివే స్కూలు ఇవన్నీ నలుగురిలో చదవడానికి వీల్లేదు. కొందరు ఫోస్టర్ కేర్ పిల్లలు (సొంత ఇంట్లో కాక ప్రభుత్వం చూపిన సంరక్షణలో ఉండేవాళ్లు), కొందరు కోర్టు నుంచి వచ్చినవాళ్లు. బహిరంగ సభ పెడితే పనిచోటు గురించి పెట్టాలి తప్ప పిల్లల గురించి కాదు. "ఫలానా సంస్థకు ఇంతమందిని ఇచ్చాం, చెప్పకుండా వెళ్లి చూస్తే ఇంతమంది ఉన్నారు, చేసే పని ఇది" అన్నంతవరకు.

ఇంకొకటి, సర్వే పనిచోటు ద్వారా వెళ్లకూడదు. సమాధానం ఆ పెద్దమనిషికి చేరుతుందన్న భయం ఉన్నంతవరకు అన్నీ అయిదు నక్షత్రాలే. జీతం, లెటర్ చేతికి వచ్చాక, అక్టోబరులో అడగండి.

వర్జీనియా వాసి · ఆదివారం రాత్రి 8:50

చిన్న సంస్థల సంగతి కూడా చూడండి. మరీ బిగిస్తే మంచివాళ్లే ముందు తప్పుకుంటారు. పెద్ద సంస్థకి ఫైళ్లు రాసే మనిషి జీతానికి ఉంటాడు, మంగలి షాపువాడికి ఉండడు. పిల్లవాడు పని నేర్చుకునేది ఆ షాపులోనే. తెల్లకాగితం గారూ, కాగితాలు తగ్గించి, చెప్పకుండా వచ్చే తనిఖీలు పెంచమని అడగండి. రెండూ కలిపి అడిగితేనే ఒప్పుకుంటారు.

తెల్లకాగితం · సోమవారం ఉదయం 7:40

రాత్రి కూర్చుని ఒక పేజీ రాశాను. ఇక్కడ పెడుతున్నాను, చూసి తిట్టండి:

"తనిఖీలు ముందు చెప్పకుండా జరగాలి. వచ్చినవాళ్లు కనీసం ఇద్దరు పిల్లలతో, పర్యవేక్షకుడు లేకుండా మాట్లాడాలి. తనిఖీ బృందంలో గతంలో ఈ పథకంలో పని చేసిన, 18 దాటిన యువకులు జీతం మీద ఉండాలి, వాళ్లు ఉపాధి శాఖకు కాకుండా నగర ఆడిటర్‌కు నివేదించాలి. పిల్లల సర్వే పని ముగిశాక నేరుగా వాళ్ల ఫోన్‌కు వెళ్లాలి. పని చూపించలేని చోటుకు మరుసటి ఏడాది పిల్లల్ని ఇవ్వకూడదు, ఆ జాబితా ప్రచురించాలి. వివిధ నిధులకు వేర్వేరు ఫైళ్ల బదులు ఒకే ఫైలు సరిపోవాలి."

మా సెంటర్‌కీ ఇదే వర్తిస్తుంది. కమిటీలో ఇద్దరు అప్పుడే మొహం ముడుచుకున్నారు.

పాత ఆడిటర్ · సోమవారం ఉదయం 8:30

బాగుంది. "పని చూపించలేని" అన్నది ఎవరు తేలుస్తారో రాయండి, లేకపోతే ఆ వాక్యాన్ని లాయర్లు తినేస్తారు. అభ్యంతరం చెప్పుకోవడానికి పనిచోటుకి ఒక గడువు కూడా ఇవ్వండి.

డాలస్ నాన్న · సోమవారం ఉదయం 8:45

ఖర్చు ఎంతో రాయండి అక్కా. లేకపోతే నాలాంటివాడు ఒకడు కౌన్సిల్‌లో కూర్చుని మొదట అడిగేది అదే.

క్వీన్స్ కుర్రాడు · సోమవారం మధ్యాహ్నం 12:20

తనిఖీ జాబ్ పెడితే నేను రెడీ. మా ఊళ్లో పెట్టినా అప్లై చేస్తా. కానీ ఆ కవర్ల ఆఫీస్ నాకు వేయొద్దు, అంకుల్ ముందు నా వల్ల కాదు.

కదిరి మామ · సోమవారం మధ్యాహ్నం 12:50

వేయరు నాయనా. మా దగ్గరా సొంత ఊరి తనిఖీకి ఎవరినీ పంపేవాళ్లం కాదు. నువ్వు బ్రాంక్స్‌కి పో, అక్కడివాణ్ని మీ ఆఫీసుకి పంపుతారు.